అమ్మోరి మలుపు దగ్గర మాయమైన చుక్క

టార్పాలిన్ బేరం మంచి రసపట్టులో ఉండగా ఫోను మోగింది.

ఎదురుగా గుణుపూర్ నుంచి వచ్చిన రైతు. వరికుప్ప మీద కప్పడానికి పరదా కావాలి. నేనొక ధర చెప్పాను. ఆయన అందులో సగానికి అడిగాడు. నేను గల్లాపెట్టె మీద చెయ్యి వేసి, గోడ మీదున్న లక్ష్మీదేవి పటం వైపు చూసి, 'విన్నావా తల్లీ' అన్నట్టు నిట్టూర్చాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గుమ్మం వైపు కదిలాడు. ఇదంతా మామూలే. మా తాత శ్రీకాకుళం నుంచి రాయగడ వచ్చి ఈ కొట్టు పెట్టిన నాటి నుంచి ఇలాగే జరుగుతోంది. గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరగాలి, నేను కొంచెం దిగాలి, ఆయన కొంచెం ఎక్కాలి.

ఆయన తిరిగేలోపు ఫోనులో హైదరాబాదు నుంచి ఒక గొంతు. ఒకప్పుడు ఇక్కడి కొండ మీద ఆవిడ దగ్గర పనిచేసిన ఇంజనీరు.

"సావుకారు గారూ, మేడం పోయారండి. నిన్న. నిద్రలోనే. మీకు చెప్పమని ఎవరూ అనలేదు, నాకే చెప్పాలనిపించింది."

ఫోను పెట్టేసేసరికి రైతు వెనక్కి వచ్చి నిలబడి ఉన్నాడు.

"సరే, నువ్వన్నదానికే అట్టుకెళిపో" అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. "ఏటి సావుకారూ, ఒంట్లో బాగున్నాదా?" అని, పరదా విప్పి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చిల్లుల కోసం వెతికాడు. ఒక్కటీ కనబడలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. "మల్లీ వత్తాను" అని వెళ్లాడు. రాలేదు.

అడిగిన వెంటనే ఒప్పుకుంటే సరుకు మీద నమ్మకం పోతుంది. ఈ సంగతి మా వీధిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. తెలియని మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆవిడే పోయింది.

*

ఆవిడ మొదటిసారి మా కొట్టుకి వచ్చినప్పుడు ఇంకా వానలు పట్టలేదు. నేత చీర, కాళ్లకి కాన్వాసు బూట్లు, మెళ్లో దారానికి వేలాడే కళ్లజోడు. వయసు పదవీ విరమణకి దగ్గర్లో ఉంటుంది. వాన చుక్క దిగని పరదా ఒకటి, గట్టి నైలాను తాడు కావాలంది. ధర చెప్పాను. ఆ ధర ఎంత అన్యాయమో నాకు తెలుసు. మొదట చెప్పే ధర బేరానికి పునాది మాత్రమే, అందులో ఎవరూ కాపురం ఉండరు. ఆవిడ మాత్రం ఫోను తీసి, గోడకి అంటించిన క్యూఆర్ కాగితం మీద పెట్టి, నేను చెప్పినదంతా కట్టేసింది. డబ్బులు వచ్చాయని గల్లా పక్కనున్న స్పీకరు పెట్టె వీధంతా వినబడేటట్టు అరిచింది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు అనిపించింది నాకు.

"అమ్మా, బేరం ఆడరేటండి?" అన్నాను ఉండబట్టలేక.

"ఎందుకండీ?"

"నాను ఎక్కువ సెప్పేను కదండీ!"

"తెలుసండి" అంది తాడు చుట్టుకుంటూ. "ఎంత ఎక్కువో ఇంకో నాలుగుసార్లు వస్తే తెలుస్తుంది."

అన్నట్టే వచ్చింది. మేకులకి, బకెట్టుకి, దోమతెరకి వచ్చింది. ఒకనాడు నింపాదిగా చెప్పింది.

"మీరు దేనికైనా ఒకే వంతు ఎక్కువ చెబుతారు సావుకారు గారూ. మా పరికరాల్లోనూ అలాంటివి ఉంటాయి. ఎప్పుడూ ఒకేలా అబద్ధం చెప్పేదానితో మాకు ఇబ్బంది లేదు, ఆ వంతు తీసేసి చూసుకుంటాం. ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా చెప్పేదే మమ్మల్ని చంపుతుంది."

నన్ను అంత మర్యాదగా అబద్ధాలకోరని ఎవరూ అనలేదు. పౌరుషానికి పోయి ఆ మర్నాటి నుంచి ఆవిడకి అసలు ధరే చెప్పడం మొదలెట్టాను. మెచ్చుకుంటుందనుకుంటే విసుక్కుంది. "ఇలా మధ్యలో మార్చేస్తే ఎలాగండీ! ఇప్పుడు మీ మాట ఎంత నమ్మాలో మళ్లీ మొదటినుంచి తేల్చుకోవాలి."

*

ఊళ్లో అందరికీ ఆవిడ రాడారు మేడం. రాయగడ నుంచి కొరాపుట్ వెళ్లే దారిలో ఉన్న ఘాట్‌కి ఎదురుగా, ఒక కొండ మీద రేకుల గది వేయించింది. దాని పక్కన ఇనప స్తంభం, స్తంభం మీద తిరిగే పళ్లెం. రాడారంటే విమానాల కోసమని నేను అనుకునేవాణ్ని. ఆవిడది నేల మీద నడిచే బళ్ల కోసం.

మా సరుకు బండిని పరీక్షల కోసం వాడుకునేది. అది నడిపేది మా బామ్మర్ది గౌరీసు. బొయిపరిగుడ సంత నుంచి దసమంతపూర్ దాకా ఈ చుట్టుపక్కల వాడు తిరగని సంత లేదు. పసుపు, చింతపండు, కొండ చీపుర్లు తెస్తాడు. ఆ వంకతో నేనూ కొండ ఎక్కి ఆ గదిలోకి తొంగి చూశాను. తెర మీద చుక్కలు కదులుతున్నాయి.

"ఇందులో మా బండి ఏదండి?"

"అదే కష్టం. దీనికి నంబరు ప్లేటు కనబడదు, రంగు కనబడదు. కదిలేది కనబడుతుంది, అంతే. ఆగిపోయిన బండీ కొండరాయీ దీనికి ఒకటే. ఇందాకటి చుక్కకీ ఇప్పటి చుక్కకీ సంబంధం మనమే కలుపుకుంటూ పోవాలి."

చూస్తుండగానే మా బండి చుక్క లోయలోకి దూకింది. "అయ్యో, మా గౌరీసు!" అన్నాను. మరుక్షణం కొండ మీద తేలింది.

"భయపడకండి. రాడారు చూపు అంత నిలకడగా ఉండదు. బండి లోయలో ఎగరదు కదా, రోడ్డు మీదే ఉంటుంది. అందుకని కంప్యూటరుకి రోడ్ల పటం ఇచ్చాను." ఏదో నొక్కింది. తెర మీద ఘాట్ రోడ్డు పాములా మెలికలు తిరుగుతూ ప్రత్యక్షమైంది. లోయలో తిరుగుతున్న చుక్క బుద్ధిగా వచ్చి రోడ్డెక్కింది. "రాడారు ఒక చోటు చెబుతుంది. ఇందాక ఇక్కడుంది, ఈ వేగంతో వెళ్తోంది, కనక ఇప్పుడు ఫలానా చోట ఉండాలని మా లెక్క ఇంకో చోటు చెబుతుంది. రోడ్డు తన మాట తను చెబుతుంది. ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ఎవరి మాట ఎంత నమ్మచ్చో చూసి, మధ్యలో ఒక చోట తేల్చాలి."

"ఓస్, ఇంతేనేటండి! బేరమే కదా ఇది!"

ఆవిడ నవ్వింది. నవ్వితే కళ్లజోడు దించేసి నవ్వేది. "మా మాస్టర్లెవరూ ఇలా చెప్పలేదు కానీ, అవునండి. బేరమే."

"మరి మీరు బేరం ఆడరన్నారు?"

"రోజంతా ఇదే పని సావుకారు గారూ. సాయంత్రం తాడు కొనుక్కోడానికి వచ్చి కూడా ఆడమంటారా?"

*

పని లేని సాయంత్రాలు మా కొట్టు ముందు స్టూలు మీద కూర్చునేది. స్టీలు గ్లాసులో మండియా పెజ్ తాగేది. రాగి అంబలిని ఇక్కడ అలాగే అంటారు. ఆవిడకి దాని మీద టీ కంటే ఇష్టం. ఎవరైనా కొట్టు దిగి వెళ్తే వాళ్ల వీపు వైపు చూసేది. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, మొదలెట్టేది.

"మీ గౌరీసు ఇప్పుడు పాన్ కొట్టు దగ్గర ఆగి ఉంటాడు... ఇప్పుడు స్టేషను రోడ్డు ఎక్కాడు... లెవెల్ క్రాసింగ్ పడి ఉంటుంది, అక్కడ నిలబడ్డాడు."

నేను ఫోను చేసి "ఎక్కడున్నావురా?" అనేవాణ్ని. "గేటు పడిపోనాది బావా" అనేవాడు. మా ఇంటిది నోరు నొక్కుకునేది. "ఓలమ్మో! ఈవిడికి పెళ్లి కాలేదంట కదా. మంచిపనైనాది. ఆ మగోడెవడో బతికిపోయేడు."

ఈ అలవాటు ఎక్కడిదని నేనొకసారి అడిగాను. రాడారు వల్ల వచ్చిందనుకున్నాను. రాడారే దీని వల్ల వచ్చిందని చెప్పింది.

ఆవిడ తండ్రి లారీ డ్రైవరు. విజయవాడ నుంచి రాయ్‌పూర్‌కి సరుకు తోలేవాడు. దారి సాలూరు మీదుగా ఘాట్ ఎక్కి కొరాపుట్. "మా అమ్మ అరుగు మీద బియ్యం ఏరుకుంటూ చెప్పేదండి. ఇప్పుడు సాలూరు దాటారు. ఇప్పుడు ఘాట్ ఎక్కుతున్నారు. ఇప్పుడు కొరాపుట్‌లో టీ తాగుతున్నారు. అమ్మ కృష్ణ దాటి ఎరగదు. దారిలో ఊళ్లు మాత్రం వరసగా వచ్చు. కొరాపుట్‌ని నేను చూడకముందే అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో!"

"సరిగ్గా సెప్పేవారేటండి?"

"ఎక్కడండీ. ఎప్పుడూ తప్పే. వీధిలో వాళ్లకి నవ్వులాట." గ్లాసులో మిగిలింది తాగేసి కింద పెట్టింది. "ఒక వానాకాలం నాన్న చాలా రోజులు రాలేదు. లారీ లోయలో పడిపోయుంటుందని అందరూ అనేశారు. అమ్మ మాత్రం 'కనబడ్డం లేదంతే' అంది. రోజూ ఆ లారీని నోటితో కొంచెం కొంచెం ముందుకి తోలుతూనే ఉంది."

"వచ్చేరా?"

"వచ్చాడు. చిక్కి సగమై వచ్చాడు. ఘాట్ మీద కొండ విరిగిపడింది. వెతికేవాళ్లు ఒక పక్క వెతికారు, ఆయన రెండో పక్కన ఉన్నాడు. కొండ ఎక్కడ విరిగిందో అందరికీ తెలుస్తుందండి. బండి ఏ పక్కన ఉందో చెప్పే మనిషే ఉండడు."

ఆవిడ ఉద్యోగమంతా ఆ ఒక్క మాటకి జవాబు. ఆ వానాకాలంలో పై అధికారుల ఎదట పరీక్ష నెగ్గితే ఆ రాడారు మా ఘాట్ మీద శాశ్వతంగా ఉంటుంది, తరవాత మిగతా ఘాట్లకీ వస్తుంది. నెగ్గకపోతే పెట్టెల్లో సర్దుకుని వెళ్లిపోవాలి. ఆ వెంటనే పదవీ విరమణ. మళ్లీ ఇంకొకరు మొదలుపెడతారన్న ఆశ లేదంది.

*

పరీక్షకి ముందు ఒక చిక్కు వచ్చి పడింది. ఘాట్ మధ్యలో ఒక మలుపు ఉంది. ఏ బండి అయినా సరే, అక్కడికి వచ్చేసరికి తెర మీద మాయమైపోతోంది. కాసేపటికి కొత్త చుక్క పుడుతోంది, కానీ అది పాత బండేనని కంప్యూటరు ఒప్పుకోవడం లేదు. కొండ అడ్డం వస్తోందేమోనని ఆవిడ స్తంభం ఎత్తు పెంచింది. పళ్లెం వంపు మార్చింది. నా దగ్గర ఇంకా తాడు కొంది. చివరికి డ్రైవర్లందర్నీ పిలిచి అడిగింది. గౌరీసుని నా ఎదటే అడిగింది.

"ఆ మలుపు దగ్గర బండి ఆపుతున్నావా?"

"లేదండి. ఎక్కడా ఆగను."

"నెమ్మది చేస్తావా?"

"నాను గేరు కూడా మార్చనండి."

తెలుగు డ్రైవర్లు, ఒడియా డ్రైవర్లు, దేసియా మాట్లాడే జీపు వాళ్లు, అందరిదీ ఒకటే మాట. బస్సు వాళ్లయితే నొచ్చుకున్నారు కూడా. నన్నూ అడిగింది. ఆ రోడ్డు మీద పుట్టి పెరిగినవాణ్ని. "అక్కడ ఆగడానికి ఏటున్నాదండి, టీ కొట్టు కూడా లేదు" అన్నాను గుండె మీద చెయ్యి వేసుకుని. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు.

ఇక లాభం లేదని తనే గౌరీసు పక్కన బండెక్కింది. నేను వెనక సరుకు మీద కూర్చున్నాను. మలుపు వచ్చింది. గౌరీసు బండి పక్కకి తీసి ఇంజను కట్టేశాడు. దిగాడు. చెప్పులు విప్పాడు. రోడ్డు పక్క చిన్న గుడిలో ఉన్న ఘాట్ అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టి, అగరొత్తులు వెలిగించి, చక్రాలకి కాసిని నీళ్లు చల్లి, బొట్టు పెట్టుకుని, మా ఇద్దరికీ చెరో ముక్క చేతిలో పెట్టి, బండెక్కి, గట్టిగా హారను కొట్టి కదిలాడు.

ఆవిడ చేతిలో కొబ్బరిముక్క అలాగే ఉంది.

"గౌరీసూ, ఆగనన్నావు?"

"ఎక్కడ ఆగేనండి?" నిజంగానే ఆశ్చర్యపోయాడు వాడు. "అమ్మోరికి దండం ఎట్టుకున్నాను. ఆగడం ఏటి?"

ఆవిడ నా వైపు తిరిగింది. నేను కొబ్బరి నములుతూ ఉన్నాను. నాకప్పుడు వెలిగింది. పుట్టిన నాటి నుంచి ఆ మలుపు దగ్గర దిగుతున్నాను, ఒక్కసారి కూడా ఆగలేదు. టీకి ఆగడం ఆగడం. చక్రం పంక్చరైతే ఆగడం ఆగడం. అమ్మోరి దగ్గర ఆగడం ప్రయాణంలో భాగం, దాన్ని ఎవడు లెక్కపెడతాడు?

ఆవిడ కళ్లజోడు దించి, ఘాట్ దిగిందాకా నవ్వుతూనే ఉంది. ఆ సాయంత్రమే తన రోడ్ల పటంలో అమ్మోరి గుర్తు పెట్టింది. అక్కడ చుక్క కనబడకపోతే బండి పోయిందనుకోకూడదు, దండం పెట్టుకునేంతసేపు ఓపిక పట్టాలని కంప్యూటరుకి నేర్పింది. ఆ తరవాత ఒక్క బండి కూడా మాయం కాలేదు. గౌరీసు సంతల్లో టముకు వేశాడు. "మేడంగారి మిషను అమ్మోరికి మొక్కుతున్నాది. నాను కళ్లారా సూసేను!"

*

పరీక్ష రోజున తెల్లారిందగ్గర నుంచి వాన. వాన ఉన్నప్పుడే పరీక్ష పెట్టమని ఆవిడే పట్టుబట్టింది. పై అధికారి వచ్చి రేకుల గదిలో కుర్చీలో కూర్చున్నారు. చెడ్డ మనిషి కాదు. దగ్గుతూ, తడిసిన బూట్ల వైపు దిగులుగా చూసుకుంటూ ఉన్నారు. ఇప్పుడు హైదరాబాదు నుంచి ఫోను చేసిన ఇంజనీరే అప్పుడు తెర ముందు ఉన్నాడు. టిఫిన్లు మోసుకొచ్చినవాణ్ని నేను. పరీక్ష బళ్లలో మా బండి కూడా ఉంది. గౌరీసు లక్ష్మీపూర్ సంత నుంచి ఘాట్ దిగి రాయగడ వైపు వస్తున్నాడు. బండి ఖాళీగా తెమ్మన్నా వాడు తేడు. సంత నుంచి ఇళ్లకి వెళ్లే ఆడవాళ్లని ఎక్కించుకునే ఉంటాడు.

చుక్క అమ్మోరి మలుపు దాకా వచ్చింది. మాయమైంది. ఆవిడ అధికారికి అమ్మోరి సంగతి చెప్పింది. ఆయన నవ్వారు. అంతా సవ్యంగా నడుస్తోంది.

అప్పుడు చెక్‌పోస్టు నుంచి కబురు. అమ్మోరి మలుపుకి కింద కొండ విరిగిపడింది. రోడ్డు మూసుకుపోయింది.

నేను గౌరీసుకి ఫోను చేశాను. ఆ ఘాట్‌లో ఎప్పుడూ సిగ్నలు ఉండదని తెలిసీ చేస్తూనే ఉన్నాను. ఇంతలో తెర మీద చుక్క పుట్టింది. అమ్మోరి దగ్గర కాదు. విరిగిపడ్డ చోటుకి దిగువన, కింది మలుపులో. నెమ్మదిగా కదులుతోంది.

"దాటేశాడు మేడం!" అన్నాడు ఇంజనీరు.

అధికారి లేచి నిలబడ్డారు. "అద్భుతం. దీని కోసమే కదా మనం ఇన్నాళ్లు..." అని ఆవిడకి చెయ్యి అందించారు. నేను లక్ష్మీదేవికి, ఘాట్ అమ్మోరికి, ఆ తిరిగే పళ్లేనికి వరసగా దండాలు పెట్టేశాను. రోడ్డు పనివాళ్ల తవ్వే యంత్రం పైన లక్ష్మీపూర్ వైపు ఉంది. వానలో ఇప్పుడే దిగాలా, తగ్గాక దిగితే చాలా అని వాళ్లు ఫోనులో అడుగుతున్నారు. "ఎవరూ చిక్కుకోలేదు. వాన తగ్గనివ్వండి" అన్నారు అధికారి.

ఆవిడ చెయ్యి కలపలేదు. తెర వైపే చూస్తోంది.

"అమ్మోరి దగ్గర నుంచి కింది మలుపుకి రావాలంటే మధ్యలో రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద ఒక్కసారైనా కనబడాలి. కనబడకుండా కిందకి ఎలా దూకాడు?"

ఇంజనీరు తెరకి ఇంకా దగ్గరగా వంగి చూశాడు.

"పటం తీసేస్తున్నాను" అంది.

ఇంజనీరు గొంతు తగ్గించాడు. "మేడం, వద్దు. సార్ ముందు... మన పరీక్ష ఆ పటం గురించే."

"తెలుసు" అంది. నా అన్యాయపు ధర విన్నప్పుడు కూడా ఇలాగే, ఇదే గొంతుతో 'తెలుసండి' అంది.

నొక్కింది. రోడ్లు మాయమయ్యాయి. చుక్క కింది మలుపు వదిలి పైకి వచ్చి, అమ్మోరి గుడికి కాస్త వెనక, ఏ రోడ్డూ లేని చోట మెల్లిగా కదులుతోంది. విరిగిపడ్డ చోటుకి పై పక్కన.

అధికారికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "అంటే, మీ పటం తప్పు చెప్పిందా?"

"అవును సార్. బండంటే రోడ్డు మీదే ఉంటుందని నేనే నేర్పాను. ఆ చోటుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది కింది మలుపు రోడ్డు, దాని మీదికి లాగేసింది."

"మరి ఇది మాత్రం నిజమని మీకు నమ్మకమా?"

"లేదు సార్. నమ్మకంగా చెప్పింది ఆ పటం. నేను అనుమానంగా చెబుతున్నాను." నా వైపు తిరిగింది. "సావుకారు గారూ, గుడి వెనక ఏముంది?"

"ఏటీ లేదండి. అడివే."

"ఆ మలుపు దగ్గర ఆగడం లేదని అప్పుడు చెప్పినట్టు చెప్పకండి. కళ్లు మూసుకుని చెప్పండి. గౌరీసు చక్రాలకి చల్లే నీళ్లు ఎక్కడివి?"

కళ్లు మూసుకున్నాను. "ఊట ఉన్నాదండి, గుడి ఎనకాతల. బళ్లు లోపలికి తోలి రేడియేటరుకి అక్కడే నీళ్లు పట్టుకుంటారు."

"అయితే దారి ఉంది."

"దారి కాదండి. బళ్లు ఎల్తాయి, అంతే."

"బళ్లు వెళ్తాయి, కానీ దారి కాదు" అంది. అప్పుడు మాత్రం నవ్వలేదు. ఫోను తీసుకుని యంత్రం వాళ్లతో తనే మాట్లాడింది. రోడ్డు మీద వెతకొద్దు, గుడి వెనక ఊట దగ్గరికి వెళ్లండి, వాన తగ్గేదాకా ఆగొద్దు, ఇప్పుడే.

ఆ మాట పూర్తయ్యేలోపు చుక్క ఆరిపోయింది.

"ఏటైనాదండి?" అన్నాను. "ఆగేడా? పైన మట్టి..."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"కనబడ్డం లేదంతే" అంది.

తవ్వే యంత్రం నడక ఆ రాడారుకి ఆనేంత వేగం కాదు. తెరంతా ఖాళీ. ఆ ఖాళీ తెర ముందు కూర్చుని, నా చెయ్యి వదలకుండా, ఆవిడ మెల్లిగా చెప్పడం మొదలెట్టింది. ఇప్పుడు యంత్రం పై మలుపు దగ్గర ఉంది. ఇప్పుడు వంతెన దాటింది. ఇప్పుడు పడిపోయిన చెట్టు ఏదో ఉంటుంది, పక్కకి నెడుతున్నారు. ఇప్పుడు అమ్మోరు కనబడుతోంది వాళ్లకి. ఎదురుగా ఏమీ లేదని తెలుసు. అయినా ఆ మాటల వెనకే నడిచాను. అధికారి కూడా దగ్గడం మానేసి వింటున్నారు.

వాన వెలిసేముందు కబురు వచ్చింది. దొరికారు. రాళ్లు రాలడం మొదలవగానే గౌరీసు బండిని గుడి వెనక్కి తోలేశాడు. ఆ వెనకే పై రోడ్డు కూడా మట్టితో మూసుకుపోయింది. వాడూ, సంత ఆడవాళ్లూ అమ్మోరి అరుగు మీద ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. యంత్రం వాళ్లు వాళ్లని దాటించి ఇవతలికి తెచ్చాక, ఊట పక్కన గట్టు కూడా జారి మా బండిని కప్పేసిందట.

నేను ఏడ్చాను. ఆవిడ కంప్యూటరులో ఆ రోజు జరిగిందంతా ఉన్నది ఉన్నట్టు భద్రపరుస్తోంది.

*

అధికారి ఏమీ తప్పు రాయలేదు. పటం సాయంతో బండి జాడ చెప్పడం ఈ పరీక్ష ఉద్దేశం, కీలకమైన సమయంలో పటం తప్పు జాడ చెప్పింది అని రాశారు. నిజమే కదా. ఆవిడ కూడా అదే అంది. "నేనైనా అదే రాసేదాన్ని."

"మీరు ఆ మీట నొక్కకపోతే నెగ్గేవారు కదండీ" అన్నాను.

"నెగ్గేదాన్ని" అంది. ఆ ఊట దారిని మాత్రం వెళ్లేముందు తన పటంలో గీసి వెళ్లిందట, ఇంజనీరు చెప్పాడు. ఎవరూ వాడని పటంలో.

పెట్టెలు కట్టడానికి తాడు కోసం చివరిసారి కొట్టుకి వచ్చింది. ధర చెప్పాను, అసలుదే. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, తాడు ముడి విప్పి చూసి, పెదవి విరిచి, సగానికి ఇమ్మంది. మొహం నిండా భయం, కొత్తగా సైకిలు తొక్కేవాళ్లకి ఉంటుందే, అలాంటిది. "తీసుకెళ్లండమ్మా" అన్నాను.

"అదేంటండీ!" అంది చిన్నబుచ్చుకుని. "గుమ్మం దాకా అయినా వెళ్లనివ్వరా?"

*

రైతు వెళ్లిపోయాక ఆ వేళ కొట్టులో కూర్చోబుద్ధి కాలేదు. గౌరీసు లక్ష్మీపూర్ వెళ్తుంటే కొత్త బండిలో పక్కన ఎక్కాను. కబురు వాడికి చెప్పాను. అమ్మోరి మలుపు దగ్గర ఇంజను కట్టేశాడు. ఎప్పుడూ ఒక కాయ తెచ్చేవాడు, సంచిలోంచి రెండు తీశాడు. ఒకటి తను కొట్టాడు. రెండోది నా చేతిలో పెట్టాడు.

ఎదురు కొండ మీద రేకుల గది లేదు. మంచు తెరలు తెరలుగా కదులుతోంది. ఇంకెంతసేపు కనబడకపోతే పోయిందని ఒప్పుకోవాలో నాకు తెలియలేదు. మండియా పెజ్ తాగేసి ఉంటుంది. గ్లాసు కింద పెట్టి ఉంటుంది. ఇప్పుడు సాలూరు దాటి ఉంటుంది.

దూరంగా ఎక్కడి సిగ్నలు అందిందో, జేబులో ఫోను మోగింది. మా ఇంటిది.

"ఎక్కడున్నారు? పొద్దు పోతన్నాది. తోవలో ఎక్కడేనా ఆగేరేటి?"

కాయ చేతిలో అలాగే ఉంది.

"లేదే" అన్నాను. "ఎక్కడా ఆగలేదు."